సినిమా చదువుకు సాయం అడిగిన అబ్బాయి

మన సొసైటీకి ప్రతి ఏడూ మే, జూన్ నెలల్లో విద్యా సహాయం కోసం దరఖాస్తులు వస్తాయి. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, నర్సింగ్, బి.ఇడి. లాంటివే ఎక్కువ. వీటి మీద కమిటీలో పెద్దగా చర్చ ఉండదు. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ ఫీజు కాగితం చూసి సంతకాలు పెట్టేస్తాం. గత ఏడాది మాత్రం ఒక దరఖాస్తు దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. "కోర్సు పేరు" అన్న చోట ఆ అబ్బాయి "సినిమా దర్శకత్వం, ఒక సంవత్సరం డిప్లొమా, హైదరాబాద్" అని రాశాడు. ఫీజు మూడున్నర లక్షలు.

అబ్బాయి నా దగ్గర పదో తరగతి చదివినవాడే. చీరాలలో ఇంటర్ ఎం.పి.సి. మంచి మార్కులతో పూర్తి చేశాడు. తండ్రి పరుపులు కుడతాడు. పెళ్ళిళ్ళ సీజన్లో పని ఉంటుంది, వానాకాలంలో ఉండదు. మూడున్నర లక్షలు ఆ ఇంటికి ఎంత బరువో మీకు వివరించనక్కరలేదు.

కమిటీ రెండుగా చీలింది. "సినిమాలకు కూడా మనమే డబ్బివ్వాలా?" అన్నారు ఒక పెద్దాయన. "ఇది రామానాయుడు గారు పుట్టిన ఊరు. ఇక్కడి పిల్లాడు సినిమా అనకపోతే ఇంకేమంటాడు?" అన్నారు మరొకరు. చివరికి ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మాస్టారూ, మీరు విచారించి చెప్పండి" అన్నారు. ఆ విచారణలో తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి దరఖాస్తులు ఇకముందు కూడా వస్తాయి. డబ్బు ఇచ్చేది మీరు కనుక, అది ఎక్కడికి పోతుందో మీకు తెలియాలి. జకాత్ నిధి ఇలాంటి చదువుకు వర్తిస్తుందా అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. ఈ దరఖాస్తును మేము సాధారణ విద్యా నిధి కిందే చూశాం.

ముందు మా ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రామానాయుడు గారు ఏ సినిమా కాలేజీలో చదివారండీ?" ఎక్కడా చదవలేదు. నిజమే. 1936లో కారంచేడులో రైతు కుటుంబంలో పుట్టి, మద్రాసు వెళ్ళి, 1963లో "అనురాగం" సినిమాలో భాగస్వామిగా పెట్టుబడి పెట్టారు. మరుసటి ఏడు "రాముడు భీముడు" తీశారు. ఎన్నో భాషల్లో నూటికి పైగా సినిమాలు నిర్మించి గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఫాల్కే అవార్డు అందుకున్నారు, 1999లో బాపట్ల నుంచి పార్లమెంటుకూ వెళ్ళారు. అయితే ఆయన వెళ్ళింది నిర్మాతగా. నిర్మాతకు కావలసింది పెట్టుబడి, ధైర్యం, మనుషుల్ని అంచనా వేయగల తెలివి. పరుపులు కుట్టే ఇంటి పిల్లాడు ఆ దారిన పోలేడు. వాడు చేతిపని నేర్చుకుని, ఆ పనికి జీతం తీసుకునే దారి వెతుక్కోవాలి. ఇంకో సంగతి ఏమిటంటే, ఏ సినిమా కాలేజీలోనూ చదవని ఆ రామానాయుడు గారే 2008లో హైదరాబాద్‌లో తన పేరు మీద ఫిల్మ్ స్కూల్ పెట్టించారు.

మన జిల్లాలోనే మరో ఉదాహరణ ఉంది. రేపల్లె వైపు పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ గారిని "శంకరాభరణం" దర్శకుడిగా అందరూ ఎరుగుదురు. ఆయన గుంటూరులో డిగ్రీ చదివి, మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో ఉద్యోగిగా మొదలయ్యారు. దర్శకత్వం తరువాతి మాట. ముందు డిగ్రీ, ఆ తరువాత ఒక చేతిపని, ఆ తరువాత దర్శకత్వం. ఈ వరుస నాకు బాగా నచ్చింది. అబ్బాయికి చెబితే అంతగా నచ్చలేదు. "అప్పటి రోజులు వేరు సార్" అన్నాడు.

ఇక కాలేజీల సంగతి. వీటిని మూడు రకాలుగా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. డిగ్రీ తరువాత చేరే ప్రభుత్వ సంస్థలు, ఇంటర్ తరువాత చేరగల డిగ్రీ కాలేజీలు, ఎవరైనా ఎప్పుడైనా చేరగల ప్రైవేటు డిప్లొమాలు. మన అబ్బాయి దరఖాస్తు ఈ మూడో రకానిది.

మొదటి రకంలో పెద్దది పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్. 1960లో పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. నసీరుద్దీన్ షా అక్కడే చదివారు. "బాహుబలి" ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ కూడా అక్కడి విద్యార్థే. ఇలాంటిదే కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరు మీద 1995లో ఏర్పడింది. ఈ రెండింటికీ 2025లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దం వంటి ప్రధాన కోర్సులు డిగ్రీ తరువాత మూడేళ్ళు. ప్రవేశ పరీక్ష, దాని తరువాత ఇంటర్వ్యూ ఉంటాయి. ఒక్కో విభాగంలో తీసుకునేది కొద్దిమందినే. ఫీజు ప్రైవేటు సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ విద్యార్థి తన పేరు మీద సినిమా తీసి బయటికి వస్తాడు, ఖర్చు సంస్థదే. ఇది పెద్ద విషయం. ఆస్కార్ అందుకున్న శబ్దగ్రాహకుడు రసూల్ పూకుట్టి కేరళలో కొల్లం జిల్లా పల్లెటూరి పేద కుటుంబం నుంచి వచ్చి ఈ పుణె సంస్థలోనే చదివారు. ఆయన తండ్రి బస్సు కండక్టరు. "స్లమ్‌డాగ్ మిలియనీర్" సినిమాకు 2009లో ఆ బహుమతి వచ్చినప్పుడు మా స్టాఫ్ రూములో కూడా చెప్పుకున్నాం.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పను. 2015లో విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. 2019 డిసెంబరులో ఫీజులు, ప్రవేశ పరీక్ష రుసుము పెంచుతున్నారని నిరాహార దీక్షకు కూర్చున్నారు. మూడేళ్ళ కోర్సు మూడేళ్ళలో పూర్తికాని బ్యాచీలు ఉన్నాయి. అంటే ఒక ఏడాది అదనపు హాస్టలు ఖర్చుకు ఇల్లు సిద్ధపడి ఉండాలి. అబ్బాయి తండ్రికి ఈ మాట ముందే చెప్పాను.

ఎం.పి.సి. చదివినవాళ్ళకు పనికొచ్చే వివరం ఒకటి. పుణెలో శబ్ద విభాగానికి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్ ఉండాలని అడుగుతూ వచ్చారు. కళా దర్శకత్వానికి చిత్రకళ, ఆర్కిటెక్చర్ వంటి డిగ్రీలు అడుగుతారు. కనుక ఇంటర్‌లో, డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నాం అన్నది సినిమా చదువులో కూడా లెక్కకు వస్తుంది.

ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అక్కడ 1982లో అప్పటి వైస్ ఛాన్సలర్ అన్వర్ జమాల్ కిద్వాయ్ మాస్ కమ్యూనికేషన్ కేంద్రం పెట్టారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆయన పేరే ఉంది. రెండేళ్ళ ఎం.ఎ.లో సినిమా, టీవీ, రేడియో, ఫొటోగ్రఫీ అన్నీ చేతులతో చేయిస్తారు. "బజరంగీ భాయిజాన్" దర్శకుడు కబీర్ ఖాన్ అక్కడివాడు. షారుఖ్ ఖాన్ కూడా చేరాడు, కానీ పూర్తి చేయలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ రెండో సగం నేను మింగేస్తుంటాను. జామియా కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు అందుబాటులో ఉంటుంది. 2011లో దానికి మైనారిటీ విద్యాసంస్థ గుర్తింపు వచ్చాక సీట్లలో సగం ముస్లిం విద్యార్థులకు కేటాయించారు, అందులో ఆడపిల్లలకు ప్రత్యేక భాగం ఉంది. సినిమా, టీవీ రంగం వైపు వెళ్ళాలనుకునే మన ఆడపిల్లలకు, ముఖ్యంగా ఎడిటింగు, డాక్యుమెంటరీ వైపు మొగ్గు ఉన్నవారికి, నేనైతే మొదట చెప్పేది ఇదే.

హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఉన్నాయి. కానీ బోధన ఉర్దూలో. చేరాలంటే ఉర్దూ చదువుకుని ఉండాలి. మన కోస్తాలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు కూడా బడిలో తెలుగు మీడియమే చదివారు. దూదేకుల ఇళ్ళలోనైతే మాట్లాడేది కూడా తెలుగే. అందువల్ల ఈ తలుపు మనలో చాలామందికి మూసే ఉంది. ఈ విషయం మీద విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు, ఇక్కడ వద్దు.

రెండో రకం ఇంటర్ తరువాతి డిగ్రీలు. చీరాలలో సాయంత్రం రైలెక్కితే అదే రాత్రి దిగే మద్రాసులో, తరమణిలో, తమిళనాడు ప్రభుత్వ సినిమా సంస్థ ఉంది. 1945 నుంచి నడుస్తోంది. ఇప్పుడు ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. "గీతాంజలి" సినిమాకు ఛాయాగ్రహణం చేసిన పి.సి. శ్రీరామ్ అక్కడ చదివినవారే. నాలుగేళ్ళ డిగ్రీ, ఫీజు బాగా తక్కువ. చిక్కేమిటంటే అది ఆ రాష్ట్ర సంస్థ, సీట్లలో ఎక్కువ భాగం ఆ రాష్ట్రం పిల్లలకే. దరఖాస్తు చేయడంలో తప్పులేదు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. హైదరాబాద్‌లో అక్కినేని కుటుంబం 2011లో పెట్టిన అన్నపూర్ణ కాలేజీ ఉంది. స్టూడియో ఆవరణలోనే ఉంటుంది. అక్కడి డిగ్రీలకు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంతో అనుబంధం ఉంది. పరికరాలు, వాతావరణం మంచివి. ఖర్చు మాత్రం ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీని మరిపిస్తుంది. బొంబాయిలో సుభాష్ ఘయ్ పెట్టిన విజిలింగ్ వుడ్స్ అయితే ఇంకా పైమాట. ఆ అంకెలు నేను కమిటీ ముందు చదివితే పెద్దాయన ఒకరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మూడో రకం దగ్గర కొంచెం ఆగాలి. మన డబ్బు పోయేది సాధారణంగా ఇక్కడే.

కొన్నేళ్ళ క్రితం నా విద్యార్థి ఒకడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు అకాడమీలో చేరాడు. పేరు రాయను. తల్లి గాజులు తాకట్టు పెట్టి రెండు లక్షలు కట్టింది. ఏడాదిలో వాడు కెమెరా పట్టుకున్నది నాలుగు రోజులు. అరవై మందికి రెండు కెమెరాలు. పాఠాలు చెప్పేవాళ్ళు షూటింగు లేని రోజుల్లోనే వచ్చేవారు. చివర్లో గుంపంతా కలిసి ఒక పది నిమిషాల సినిమా తీశారు, మనవాడి పేరు "సహాయకులు" అన్న వరుసలో తొమ్మిదోది. ఇచ్చిన సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర ఉంది, ఏ విశ్వవిద్యాలయం పేరూ లేదు. వాడిప్పుడు చిలకలూరిపేటలో పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. బాగానే తీస్తాడు. ఆ పని గుంటూరులో స్టూడియో పెట్టుకున్న ఎవరి దగ్గరైనా ఆరు నెలల్లో నేర్చుకునేవాడు, తల్లి గాజులు మిగిలేవి.

అన్ని ప్రైవేటు స్కూళ్ళూ ఇలాంటివని కాదు. కొన్నిటిలో నిజంగా నేర్పుతారు. తేడా కనిపెట్టడానికి అబ్బాయిని వెంటబెట్టుకుని నేనే హైదరాబాద్ వెళ్ళాను. కరపత్రం మీద ఉన్న హీరోల బొమ్మలు పక్కన పెట్టి ఆఫీసులో సూటిగా అడిగాను. ఒక కెమెరాకు ఎంతమంది విద్యార్థులు? ఏడాదిలో ఒక్కొక్కరు తన పేరు మీద ఎన్ని సినిమాలు తీస్తారు, దానికయ్యే ఖర్చు ఎవరిది? రోజూ వచ్చే ఉపాధ్యాయులు ఎందరు, అప్పుడప్పుడూ వచ్చేవారు ఎందరు? ఎడిటింగు గది రాత్రిపూట తెరిచి ఉంటుందా? మూడేళ్ళ క్రితం ఇక్కడ చదివిన ముగ్గురి ఫోను నంబర్లు ఇస్తారా? మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు, ఆ మాట కాగితం మీద రాసిస్తారా? మనవాడు దరఖాస్తు పెట్టిన చోట మొదటి రెండు ప్రశ్నలకు నవ్వు వచ్చింది, చివరిదానికి టీ వచ్చింది. జవాబు రాలేదు. తిరుగు ప్రయాణంలో అబ్బాయి బాపట్ల దాటేదాకా మాట్లాడలేదు.

"గవర్నమెంట్ రికగ్నైజ్డ్" అని బోర్డు మీద రాసి ఉంటే సరిపోదు. సొసైటీగా రిజిస్టరు కావడం వేరు, డిగ్రీ ఇచ్చే అధికారం వేరు. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు యు.జి.సి. వెబ్‌సైటులోని జాబితాలో ఉండాలి. గుర్తింపు లేని డిప్లొమాకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు, బ్యాంకు విద్యారుణమూ సామాన్యంగా రాదు. గుర్తింపు ఉన్న కోర్సుకు నాలుగు లక్షల వరకు ఆస్తి హామీ లేకుండా రుణం ఇవ్వాలన్నది బ్యాంకుల నమూనా పథకం. వడ్డీ ఉన్న రుణం వద్దనుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. అక్కడే సొసైటీ ఖర్జె హసనా పనికొస్తుంది.

ఎంత మంచి కాలేజీ అయినా ఇవ్వలేనిది ఒకటుంది. సినిమాలో ఇరవై నాలుగు శాఖలు, ఒక్కో శాఖకు ఒక్కో యూనియన్. పెద్ద సినిమాల్లో పనిచేయాలంటే ఆ కార్డు కావాలి, దాని రుసుము కూడా చిన్న మొత్తం కాదు. చదువు అయ్యాక ఒకటి రెండేళ్ళు సహాయకుడిగా చాలీచాలని డబ్బుతో ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల గదిలో ఉండాలి. చదువు ఖర్చును లెక్కవేసినప్పుడు ఈ రెండేళ్ళను కూడా కలిపి లెక్కవేయాలి. మూడున్నర లక్షలు ఫీజుకే పోస్తే ఈ రెండేళ్ళకు ఏమీ మిగలదు, పిల్లాడు సరిగ్గా పని దొరికే సమయానికి ఇంటికి తిరిగి వచ్చేస్తాడు.

అందుకే కమిటీకి నేను చెప్పింది ఇది. ఆ డిప్లొమాకు డబ్బు ఇవ్వవద్దు, అలాగని అబ్బాయిని వెనక్కి పంపవద్దు. ఫిజిక్స్ ఉన్న డిగ్రీలో చీరాలలోనే చేరమందాం, ఇంటి నుంచి వెళ్ళి వస్తాడు. ఈ మూడేళ్ళలో పుణె, కలకత్తా, జామియా పరీక్షలకు తయారవుతాడు. పుణె సంస్థ 2017 నుంచి వేర్వేరు ఊళ్ళలో కొద్దిరోజుల స్వల్పకాలిక కోర్సులు కూడా నడుపుతోంది, వాటిలో ఒకదానికి సొసైటీ పంపుతుంది. నిజంగా ఆ పని మీద ఇష్టముందా, తెర మీద మోజేనా అన్నది లక్షలు పోకముందే తేలుతుంది. పరీక్షల రుసుము, రైలు చార్జీలు, ఇంటర్వ్యూకు వెళ్ళి ఉండే ఖర్చు మనం పెట్టుకుందాం. పేద ఇంటి పిల్లలు ఈ పరీక్షల దాకా రాకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, దరఖాస్తు రుసుము దగ్గరే ఆగిపోవడం. సీటు వస్తే మొదటి ఏడాది ఫీజు, డిపాజిట్ ఖర్జె హసనాగా ఇద్దాం. మొత్తం కలిపినా ఆ మూడున్నర లక్షలకు చేరదు.

ధ్రువపత్రాల పని కూడా ఇప్పుడే మొదలుపెట్టించాను. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ సీట్లు పోయేది ఇక్కడే. రాష్ట్ర బి.సి. జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. దూదేకుల, నూర్‌బాషా వారు కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. కానీ రాష్ట్రంలో బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఉన్నవారంతా కేంద్ర జాబితాలో ఉన్నట్టు అనుకోకూడదు, పేరు వెతికి చూసుకోవాలి. లేనివారు అర్హత ఉంటే ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం తీసుకోవాలి. కేంద్ర సంస్థలకు ఓ.బి.సి. పత్రం వేరే నమూనాలో కావాలి, తాజాది కావాలి. పైగా మన మండలం 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్తవాటిలో మరో జిల్లా. ఇంటర్వ్యూ బల్ల ముందు ఈ కథంతా చెప్పుకునే అవసరం రాకుండా ముందే సరిచూసుకోవాలి.

కమిటీ ఒప్పుకుంది, ఒక్కరు తప్ప. ఆయన ఇప్పటికీ "ఆ డబ్బుతో ఇద్దరు నర్సింగ్ పిల్లలు చదువుతారు మాస్టారూ" అంటారు. ఆయన మాటలో న్యాయం లేదని నేను అనలేను.

అబ్బాయి మొదట ముఖం మాడ్చుకున్నాడు. తండ్రి మాత్రం రెండు చేతులతో నా చేయి పట్టుకుని, "డిగ్రీ ఉంటుంది కదా సార్, అది చాలు" అన్నాడు. ఇప్పుడు రెండో ఏడు బి.ఎస్‌సి. చదువుతున్నాడు. మొన్న సెలవుల్లో తండ్రి దూది ఏకడం, పరుపు కుట్టడం మీద ఫోనుతో ఎనిమిది నిమిషాల సినిమా తీసి తెచ్చి చూపించాడు. దూది గాల్లో లేచే దృశ్యం బాగుంది. మాటలు సరిగా వినపడలేదు. "ఫ్యాను ఆపడం మరిచిపోయాను సార్, శబ్దమంతా అదే వచ్చింది. మళ్ళీ తీస్తా" అన్నాడు. దర్శకత్వం తప్ప వేరే మాట వినని వాడు శబ్దం గురించి పావుగంట మాట్లాడాడు. ఏ విభాగానికి దరఖాస్తు పెడతాడో ఇంకా తేల్చుకోలేదు. నేనూ తొందరపెట్టడం లేదు.

ఎడిటింగు నేర్చుకోవడానికి డావించీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది, కానీ దానికి కాస్త గట్టి కంప్యూటరు కావాలి. దాతల ఇళ్ళలో గాని, పిల్లల ఆఫీసుల్లో గాని పక్కన పెట్టేసిన మంచి కంప్యూటరు, కెమెరా స్టాండు, మైకు వంటివి ఉంటే సొసైటీ కార్యాలయంలో అందజేయండి. ఈ అబ్బాయి ఒక్కడికే కాదు. ఈ ఏడు ఇలాంటి దరఖాస్తులు మరో రెండు వచ్చాయి, అందులో ఒకటి ఆడపిల్లది. ఆమె జామియాకు రాయాలనుకుంటోంది.